కొండ మీది పాత హోటల్ కుటుంబం చేతిలోనే నిలవాలంటే

వందేళ్లు దాటిన కొండ హోటళ్లు కుటుంబాల చేయి జారిపోవడానికి అతిథులు తగ్గడం ఒక్కటే కారణం కాదు. పైకప్పు మార్చాల్సిన ఏడాదే ఎక్కడో దూరాన ఉన్న దాయాది తన వాటాకు డబ్బు అడుగుతాడు. రెండూ ఒకేసారి మీద పడితే ముందు అప్పు, ఆ వెనకే అమ్మకం. కాబట్టి ఎవరైనా బయటికి వెళ్తానంటే ఏ ధరకు, ఎన్నేళ్లలో, ఏ డబ్బుతో పంపాలో ముందే కాగితం మీద పెట్టుకోవాలి. ఎవరికీ వెళ్లే ఆలోచన లేని రోజుల్లోనే ఈ పని చేయాలి. అడిగేవాడు ఎదురుగా కూర్చున్నాక ధర మాట్లాడితే అది బేరం కాదు, తగువు.

వాటాల లెక్క

హోటల్ కట్టినవాడికి ముగ్గురు పిల్లలు, ప్రతి ఒక్కరికీ మళ్లీ ముగ్గురు అనుకుందాం. మూడో తరానికి తొమ్మిది మంది, నాలుగో తరానికి ఇరవై ఏడు మంది. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 3.7 శాతం. ఇలాంటి హోటల్లో స్థలం, కట్టడం, పేరు కలిసి ఆస్తి విలువను ఎక్కడికో తీసుకెళ్తాయి గానీ లాభం ఆ స్థాయిలో ఉండదు. ఆస్తి విలువ 100 అనుకుంటే, మరమ్మతులకు పక్కన పెట్టాక ఏటా మిగిలేది 3 అనుకోండి. 10 శాతం వాటా ఉన్న మనిషికి కాగితం మీద 10, మిగులంతా పంచినా చేతికి 0.3. అమ్ముకుంటే నయం అని అతను అనుకుంటే తప్పుపట్టలేం. కానీ అతనికి ఆ 10 ఒక్కసారిగా ఇవ్వాలంటే హోటల్ మూడేళ్లకు పైగా మిగిల్చినదంతా ధారపోయాలి.

ఒప్పందంలో తప్పకుండా ఉండాల్సినవి ఇవి:

- ధర కట్టే పద్ధతి. బయటి మదింపుదారుతో రెండేళ్లకోసారి, ఎవరూ అమ్మకపోయినా, విలువ కట్టించాలి. స్థలాన్ని బిల్డరుకు అమ్మితే వచ్చే ధర కాకుండా హోటల్ సంపాదన ఆధారంగా లెక్కించాలి. హోటల్ నిర్ణయాలను శాసించలేని చిన్న వాటాకు 20 నుంచి 30 శాతం తగ్గింపు ఉంటే ఆ అంకె కూడా ముందే రాయాలి.
- వాయిదాలు. ఎనిమిది నుంచి పదేళ్లు, ఓ మోస్తరు వడ్డీతో.
- ఏటా పరిమితి. వెళ్లేవాళ్లందరికీ కలిపి ఆ ఏడాది మిగులులో నాలుగో వంతు దాటకూడదు. మిగతావాళ్లు వరుసలో ఉంటారు. ఈ ఒక్క వాక్యం లేని ఒప్పందంలో మొదట ఒకరు వెళ్తే, ఆలస్యమైతే తమకు మిగలదన్న భయంతో ఇంకో నలుగురు కదులుతారు.
- కొనే హక్కు వరుస. ముందు అమ్మేవాడి కుటుంబ శాఖ, తర్వాత మిగతా శాఖలు, తర్వాత కంపెనీ. మొత్తం 90 రోజులు. అప్పటికీ కుటుంబంలో ఎవరూ కొనకపోతేనే బయటివాళ్లు, అదీ బోర్డు ఒప్పుకుంటేనే.
- మరణం, విడాకులు, దివాలా. ఈ మూడు సందర్భాల్లో వాటా ఎవరికి పోవాలో విడివిడిగా రాయాలి. పెళ్లికి ముందే ఆస్తి ఒప్పందం ఉండాలన్న షరతు చాలామందికి మింగుడుపడదు, అయినా పెట్టాల్సిందే.

రెండు శాఖలకు చెరి సగం ఉన్న చోట ఇవన్నీ రాసుకున్నా పని ఆగిపోతుంది. ఏ శాఖకూ చెందని డైరెక్టరుకు నిర్ణాయక ఓటు ఇవ్వాలి. న్యాయవాదిని ఆ స్థానంలో పెట్టేముందు అతను ఇప్పటికే ఏదో ఒక శాఖకు పనిచేస్తున్నాడేమో చూసుకోండి.

వీలునామా ఒక్కటే చాలదు. పిల్లలకు తప్పనిసరి వాటా ఇవ్వాలనే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో 2023 నుంచి ఇది సంతానానికి చట్టప్రకారం రావాల్సిన వాటాలో సగం. అంతకుముందు నాలుగింట మూడు వంతులు. హోటల్ నడిపే ఒక్క బిడ్డకే వాటాలన్నీ రాయాలంటే మిగతావాళ్లకు ఇవ్వడానికి వేరే ఆస్తి ఉండాలి. లేకపోతే ఓటు హక్కున్న వాటాలు నడిపేవాళ్లకు, ఓటు లేని వాటాలు మిగతావాళ్లకు అన్న విభజన మేలు.

కట్టడం వేరు, వ్యాపారం వేరు

స్థలం, కట్టడం ఒక కంపెనీలో. సిబ్బంది, బుకింగులు, వంటగది ఇంకో కంపెనీలో. నడిపే కంపెనీ అద్దె కడుతుంది. అందులో స్థిర భాగం ఆస్తి పన్నుకు, బీమాకు, అప్పు కిస్తీకి సరిపోవాలి. మారే భాగం అమ్మకాల మీద. ఒక చెడ్డ సీజన్‌లో వ్యాపారం కుదేలైనా కట్టడం అప్పులవాళ్ల చేతికి పోకుండా ఈ గోడ ఆపుతుంది, వ్యాపారం అప్పులకు కట్టడం కంపెనీ తరఫున హామీ సంతకం పెట్టనంత వరకే. రెండు కంపెనీల్లోనూ వాటాదారులు ఒకే నిష్పత్తిలో ఉండాలి. అన్నకు కట్టడం, తమ్ముడికి వ్యాపారం అని పంచారంటే అద్దె గురించి ఏటా పోట్లాటే.

పైకప్పు ముందు తింటుంది

హోటల్ నిర్వహణ ఒప్పందాల్లో ఫర్నిచరు, పరికరాల మార్పిడికి మొత్తం ఆదాయంలో 4 శాతం పక్కన పెట్టడం వాడుక. అది కొత్త కట్టడానికి సరిపోతుందేమో. మంచు కురిసే ఎత్తులో, వందేళ్ల కలప, పలకరాళ్ల కప్పు ఉన్న హోటల్‌కు 7 నుంచి 10 శాతం లేకుండా బండి నడవదు. మార్చాల్సిన గడువులు ఇవి: తెరలు, తివాచీలు 5–7 ఏళ్లు; చెక్క సామాను 10–15; బాయిలరు, లిఫ్టు యంత్రాలు 20–25.

వాటాదారుల సమావేశంలో ఎప్పుడూ వాయిదా పడే పని అటక ఇన్సులేషన్. ఎవరికీ కనిపించదు, ఏ గది ధరా పెంచదు. వాయిదా వేస్తే జరిగేది ఇది. కింది గదుల వేడి అటకలోకి ఎక్కి కప్పు పైభాగంలో మంచును కరిగిస్తుంది. ఆ నీళ్లు కిందికి జారి చూరు దగ్గరికి వస్తాయి. చూరు కింద గది ఉండదు కాబట్టి అక్కడ కప్పు చల్లగా ఉంటుంది, నీళ్లు గడ్డకట్టి కట్టలా నిలుస్తాయి. వెనకాల చేరిన నీళ్లకు దారి లేక పలకల సందుల్లోంచి పైకి ఎగదన్ని లోపల దిగుతాయి. మొదట పై అంతస్తు సీలింగు మూలలో గోధుమరంగు మరక, తర్వాత అలంకారపు ప్లాస్టరు, చివరికి దూలాల కొసలు. చూరు వెంట వేడి తీగలు వేయించడం ఉపశమనమే గానీ మందు కాదు. అటక నేల మీద ఇన్సులేషన్ పరిచి, గదుల నుంచి పైకి గాలి దూరే సందులు మూసి, కప్పు కిందుగా చల్లటి గాలి ఆడేలా చేయాలి. ఈ వరుసను ఫొటోలతో పెట్టి, పక్కనే సీలింగు, దూలాల మరమ్మతు అంచనా చూపిస్తే వాటాదారులకు వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

కప్పు బలాన్నీ ఇంజనీరుతో లెక్కకట్టించండి. కొన్నాళ్లు నిలిచి గట్టిపడిన మంచు ఘనమీటరుకు 200–300 కిలోలు తూగుతుంది. మీటరు మందం పేరుకుంటే చదరపు మీటరుకు అంత బరువు. పూర్వం వేడి కారి కరిగిపోయిన మంచు ఇన్సులేషన్ తర్వాత కప్పు మీదే నిలుస్తుంది, అంటే మోయాల్సిన బరువు పెరుగుతుంది. ఈ సంగతి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

వారసత్వ కట్టడంగా గుర్తింపు ఉంటే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. అతిథులు లేని రెండు మూడు నెలల్లోనే పని ముగించాలి కాబట్టి ఏడాదిన్నర ముందు దరఖాస్తు, ఏడాది ముందు ఆర్డరు. స్విట్జర్లాండ్‌లోని సిల్స్‌లో 1908లో తెరిచిన హోటల్ వాల్డ్‌హౌస్ ఐదో తరం చేతిలో ఉంది. అది ఏడాదికి రెండుసార్లు మూతపడుతుంది. ఆ ఖాళీని ఆదాయం పోయిన రోజులుగా లెక్కేసే దాయాదికి అదే మరమ్మతుల సీజన్ అని చెప్పాలి.

డబ్బు పంచే వరుస

ముందు పన్నులు, అప్పు కిస్తీ. తర్వాత మరమ్మతుల నిధి. తర్వాత వచ్చే సీజన్ తెరవడానికి కావలసిన జీతాలు, సరుకు, ఇంధనం. మిగిలిన దాంట్లో మూడో వంతు డివిడెండ్. ఈ వరుసను కంపెనీ నియమావళిలోనే రాస్తే ఏటా వాదన ఉండదు. సీజన్ ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి బ్యాంకు నుంచి వాడుకునే తాత్కాలిక అప్పు) ఏడాదికి కనీసం ముప్పై రోజులు సున్నాకు రావాలి. రాకపోతే అది ఓవర్‌డ్రాఫ్ట్ కాదు, పేరు మార్చుకున్న దీర్ఘకాలిక అప్పు.

బంధువులు, ఉద్యోగాలు, ఉచిత గదులు

బయట వేరే హోటల్లో మూడు నుంచి ఐదేళ్లు పనిచేసి, అక్కడ కనీసం ఒక ప్రమోషన్ వచ్చాకే కుటుంబ సభ్యుడికి ఉద్యోగం. ఇంటర్వ్యూ చేసేది కుటుంబానికి చెందని మేనేజరు. జీతం మార్కెట్ ప్రకారం. తండ్రి కింద కొడుకు నేరుగా పనిచేయకూడదు.

ఉచిత బస చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కుటుంబాలు మాటలు మానేసేది ఇక్కడే. వాటాకు ఇన్ని రాత్రులని లెక్క, రద్దీ వారాలు మినహాయింపు, భోజనం బిల్లు కట్టాల్సిందే. వాటాదారు వంటగదిలోకి వెళ్లి షెఫ్‌కు ఆర్డరు వేయడం కుదరదు. అభ్యంతరం ఉంటే బోర్డుకు చెప్పాలి. ఐదుగురు యజమానులు ఐదు మాటలు చెబితే మంచి హౌస్‌కీపర్ సీజన్ మధ్యలో మానేస్తుంది.

వారసుడు లేకపోతే

రక్తసంబంధమే దారి కానక్కర్లేదు. జపాన్ సత్రాల్లో అల్లుణ్ణి దత్తత తీసుకుని ఇంటి పేరు, పగ్గాలు అప్పగించడం పాత పద్ధతి. యమనాషి కొండల్లో 705లో మొదలైన నిషియామా ఆన్సెన్ కేయున్‌కాన్ అనే వేడినీటి ఊటల సత్రం యాభై రెండు తరాల తర్వాత, 2017లో, అక్కడే పనిచేస్తూ వచ్చిన ఉద్యోగి చేతికి వెళ్లింది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో 1896 నాటి బాడ్రుట్స్ ప్యాలెస్ హోటల్‌కు కూడా పిల్లలు లేని యజమాని తన మేనేజరునే వారసుణ్ణి చేసుకున్నాడు. ఇలా చేయాలంటే పదేళ్ల ముందు మొదలుపెట్టి ఏటా కొన్ని వాటాలు బదిలీ చేయడం నయం. ఒక్కసారిగా ఇస్తే పన్ను భారం కొత్త మనిషి మోయలేనంత అవుతుంది.

చుట్టూ ఉన్న నేల

కొండ హోటల్ అమ్మేది కిటికీలోంచి కనిపించే దృశ్యాన్నే. నగదు కోసం ముందు అమ్మకానికి వచ్చేదీ ఆ నేలే. న్యూయార్క్ రాష్ట్రంలో స్మైలీ కుటుంబం 1869 నుంచి నడుపుతున్న మొహాంక్ మౌంటెన్ హౌస్ ఇంకో దారి పట్టింది. 1963లో ఏర్పడిన పరిరక్షణ ట్రస్టుకు చుట్టుపక్కల భూమిలో పెద్ద భాగం చేరింది, ఆ నేల మీద ఇళ్లు లేవవు. నేల మీద ఇళ్లు కట్టే హక్కులు వదులుకున్నప్పుడు పన్ను రాయితీ, పరిహారం దొరుకుతాయేమో ముందు కనుక్కోండి. అయితే నీటి ఊట, దారి, మురుగు పైపులైను ఉన్న ముక్కలను ఇవ్వకముందే సర్వే చేయించి హోటల్ పేరనే ఉంచుకోవాలి. ఊట పోయాక నీళ్లు కొనుక్కోవాల్సి వస్తే వచ్చిన రాయితీ ఏ మూలకూ చాలదు.

సామాను, పేరు

హాల్లో వేలాడే చిత్రపటం ఎవరిది? తాతమ్మదా, కంపెనీదా? పియానో, వెండి పాత్రలు, అతిథుల సంతకాల పుస్తకాలు, పాత ఫొటో పలకలు అన్నిటికీ నంబరు, ఫొటో, యజమాని పేరు ఉన్న జాబితా తయారుచేసి అన్ని శాఖల చేతా సంతకాలు తీసుకోండి. బీమాకూ ఇదే జాబితా. కుటుంబం పేరే హోటల్ పేరైతే ట్రేడ్‌మార్కు కంపెనీ పేరిట ఉండాలి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఆ పేరు కొత్త యజమాని ఎన్నేళ్లు, ఏ కట్టడానికి మాత్రమే వాడుకోవచ్చో, అదే ఇంటి పేరున్న మనవరాలు వేరే చోట హోటల్ తెరవొచ్చో లేదో ఒప్పందంలోనే తేల్చుకోండి.