మెట్రోజిల్ వాడుతున్నారా? కవరు మీద ఈ తేదీ రాయండి

చిగుళ్ల వాపుకో విరేచనాలకో మెట్రోజిల్ (మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్) వాడాక, ఫంక్షన్‌లో పెగ్గు వేసుకోవచ్చా అంటే ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో గుర్తుండదు.

మాత్రలు తెచ్చిన రోజే కవరు మీద స్కెచ్ పెన్నుతో రాసేయండి: ఆఖరి మాత్ర తేదీకి 3 రోజులు కలపాలి. 12న అయిపోతే, 15 దాటేదాకా బీరు కూడా వద్దు. కలిస్తే వాంతులు, తలనొప్పి, గుండెదడ రావచ్చు. అదే కోవకు చెందిన టినిడజోల్‌కీ ఇదే లెక్క. దగ్గు సిరప్పుల లేబుల్ చూడండి, కొన్నింటిలో ఆల్కహాల్ ఉంటుంది. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవే కాబట్టి వాటిలోనూ ఉంటుంది. అమ్మమ్మలు రోజూ తాగేవి ఈ అరిష్టాలే, అందుకే చెబుతున్నాను.

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు మాత్రం ఈ తేదీ లెక్క చాలదు. మెట్రోజిల్‌తో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మొదటి మాత్రకు ముందే డాక్టరుకు చెప్పాలి.