ఆఫీసులో అపార్థం వస్తే ఎలా సరిచేసుకోవాలి?

"రేపటికి రిపోర్ట్ అయిపోతుందా?" అని అడిగితే మా టీమ్‌లో ఒకాయన "చూస్తానండీ" అన్నారు. అయిపోతుందని నేను అనుకున్నాను, కుదిరితే చేస్తానని ఆయన ఉద్దేశం. మర్నాడు మీటింగ్ టైమ్‌కి రిపోర్ట్ లేదు, అందరి ముందూ నేను గట్టిగా మాట్లాడాను, ఆ తర్వాత పది రోజులు మా మధ్య పని మాటలు తప్ప ఇంకో మాట లేదు. మీకూ ఇలాంటిదే జరిగి ఉంటే ఇలా చేసి చూడండి.

ముందు జరిగిందేమిటో, మీరు ఊహించుకున్నదేమిటో విడదీసి రాసుకోండి. "రిపోర్ట్ టైమ్‌కి రాలేదు" అనేది జరిగింది. "నన్ను లెక్కచేయట్లేదు" అనేది మనం కలుపుకున్నది.

తర్వాత వెళ్లి మాట్లాడండి. కోపం తగ్గేదాకా ఆగొచ్చు గానీ, మర్నాటికి మించి నాననివ్వకండి. చాట్‌లో మాత్రం వద్దు. "మళ్లీ ఒకసారి చూడండి" అని ఒకరు మామూలుగానే పంపుతారు, అవతలివాళ్లు దాన్ని "నీకు పని రాదు" అన్నట్టు చదువుకుంటారు, మెసేజ్‌లో గొంతు వినపడదు కదా.

"మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. "రిపోర్ట్ వస్తుందనుకుని మీటింగ్‌కి వెళ్లాను, ఇబ్బంది పడ్డాను, అసలేమైంది?" అని అడగండి. అడిగాక మధ్యలో అందుకోకుండా వినండి. నాకైతే అన్నిటికంటే కష్టమైంది ఇదే.

తప్పు మీదైతే సాకులు కలపకుండా సారీ చెప్పండి. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే చెప్పాలి, నేనూ తర్వాతి మీటింగ్‌లోనే చెప్పాను.

ఇక మళ్లీ రాకుండా చూసుకోవడం. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో కొట్టాలి, ఎదుటివాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టినవాళ్లు అనుకున్నారు, తీరా 120 పాటల్లో 3 మాత్రమే గుర్తుపట్టారు. కొట్టేవాళ్లకి బుర్రలో పాట మోగుతూ ఉంటుంది, వినేవాళ్లకి మాత్రం టకటక శబ్దమే. పని అప్పజెప్పేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది, మన మనసులో ఉన్నదంతా వాళ్లకి చేరిపోయిందనుకుంటాం.

అందుకే "అర్థమైందా?" అని అడగకండి, అర్థం కాకపోయినా చాలామంది అవుననే అంటారు. "మీరు ఏం చేస్తారో, ఎప్పటికి ఇస్తారో ఒకసారి చెప్పండి" అనండి. పైలట్లు కూడా కంట్రోల్ టవర్ చెప్పిన ఎత్తు, రన్‌వే నంబర్ లాంటివి తిరిగి చెప్పి వినిపిస్తారు, తేడా ఉంటే అక్కడే తేలిపోతుంది. మాట్లాడుకున్నది రెండు లైన్ల మెయిల్‌లో పెడితే ఇంకా నయం.

ఒక్క విషయం, పదేపదే అవమానించడం, బెదిరించడం అపార్థం కిందకి రావు. అలాంటివి తేదీలతో సహా రాసిపెట్టుకుని హెచ్‌ఆర్‌కి చెప్పండి, ఒక్కరే మోయకండి.

ఆయన ఇప్పటికీ "చూస్తానండీ" అంటారు. "ఎప్పటికండీ?" అని నేను అడుగుతాను, "గురువారం నాలుగింటికి" అంటారు.