కళ్ళాల రోజుల్లో బైకు: రోడ్డు మీద ధాన్యం, తెల్లారి మంచు

నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఉత్తరాంధ్రలో పాలకొండ, రాజాం, బొబ్బిలి, నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ల రోడ్లు సగం కళ్ళాలే. ఒకచోట ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఇంకోచోట వరిగడ్డి. పండగ వెళ్లాక ఉలవ, మినుము కోసి తెచ్చి, వచ్చేపోయే బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని రోడ్డు మీదే పరుస్తారు. రైతుకి వేరే చోటు లేదు, రోడ్డు మీద ఆరబోయడం తప్పా ఒప్పా అన్న తగువు మరోసారి. దాని మీదుగా బైకు ఎలా దాటాలన్నదే ఇక్కడి సంగతి.

తారు మీద ధాన్యం గోళీల్లా దొర్లుతుంది. టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టు ఉండదు. అలాంటిచోట ముందు బ్రేకు పట్టినా, హ్యాండిల్ కాస్త తిప్పినా ముందు చక్రం పక్కకి జారుతుంది. జారిందని తెలిసేలోపే కింద ఉంటాం. అందుకని బ్రేకు పని మొత్తం గింజలు మొదలవక ముందే ముగించాలి. ఉత్త తారు మీద ఉండగానే రెండు బ్రేకులూ కలిపి వేసి, రెండో గేరుకి దించి, వేగం 15 - 20 కిలోమీటర్లకి తేవాలి. ఆపైన బ్రేకు లేదు, క్లచ్ లేదు. యాక్సిలరేటర్ ఒక్క తీరుగా పట్టుకుని, బండిని నిటారుగా ఉంచి, మోకాళ్లు ట్యాంకుకి ఆనించి, చూపు ధాన్యం అవతలి చివర మీద పెట్టి తిన్నగా పోవాలి. కాళ్లు కిందకి వేలాడేసి నడిపేవాళ్లు ఎక్కువ. ఆ వేగంలో పాదం నేలకి తగిలి వెనక్కి మెలిపడితే మడమ దగ్గర ఎముక విరుగుతుంది. పాదాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి. ఎదురుగా బండి వస్తుంటే ధాన్యం లేని సగం కోసం పోటీ పడొద్దు, ఇవతలే ఆగండి.

ఏబీఎస్ ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అది చక్రం లాక్ కాకుండా చూస్తుందే గానీ లేని పట్టు తెచ్చిపెట్టదు. గింజల మీద ఏబీఎస్ బండి కూడా చాలా దూరం పోయి ఆగుతుంది. 125 సీసీ దాకా ఉన్న చాలా బళ్లకి సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు) ఉంటుంది. దాంతో ఇంకో చిక్కు: వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. స్కూటర్‌కైతే ఎడమచేతి లివర్‌తో అదే జరుగుతుంది. వెనకదే కదా అని ధాన్యం మీద తొక్కితే ముందు చక్రం జారొచ్చు.

ధాన్యం కన్నా దాని చుట్టూ పేర్చిన రాళ్లు ప్రమాదం. పగలు కనిపిస్తాయి. సాయంత్రం ధాన్యం కుప్పకెత్తి నల్ల టార్పాలిన్ కప్పుతారు, రాళ్లు మాత్రం రోడ్డు మధ్యలోనే ఉండిపోతాయి. కొన్నిచోట్ల ధాన్యం ఇంటికి చేరిన వారానికి కూడా తియ్యరు. నల్ల రోడ్డు మీద నల్ల బరకం, దుమ్ము కొట్టుకున్న రాయి డిమ్ లైటులో కనిపించేసరికి 40 మీటర్లు కూడా మిగలదు. లెక్క చూడండి. 60 మీద పోతుంటే కన్ను చూసి చెయ్యి బ్రేకు మీద పడే ఒకటిన్నర సెకనులోనే 25 మీటర్లు అయిపోతాయి, పొడి రోడ్డు మీద బ్రేకు వేశాక ఆగడానికి ఇంకో 23. మొత్తం 48, అంటే రాయిని గుద్దాకే బండి ఆగుతుంది. 45 మీదైతే 32 మీటర్లలో ఆగుతుంది. కళ్ళాల రోజుల్లో రాత్రిపూట ఊరి రోడ్ల మీద 45 దాటకూడదని చెప్పేది ఈ లెక్క చూసే.

గడ్డి, ఉలవ తీగ వెనక చక్రానికి, చైన్ స్ప్రాకెట్‌కి చుట్టుకుంటాయి. బండి బరువుగా లాగుతున్నా, కింద గరగరమన్నా పక్కకి తీసి ఇంజన్ ఆపండి. ఎండుగడ్డి కాలిన సైలెన్సర్‌కి ఆనుకుంటే అంటుకోవచ్చు కూడా. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ నడుస్తుండగా చక్రం తిప్పుతూ గడ్డి లాగే అలవాటు కొందరికి ఉంది. చైన్‌లో వేళ్లు తెగేది అలాగే. తాళం తీసేసి, కత్తితో కోసి లాగండి.

ఇక మంచు. నాగావళి, వంశధార ఒడ్డుల్లో, చెరువుగట్ల మీద తెల్లారి బాగా దట్టంగా దిగుతుంది. హై బీమ్ వేస్తే వెలుతురు మంచుబిందువుల మీద పడి తెల్లగోడలా మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్‌లో ఉంచి, ఎడమ అంచు తెల్లగీత చూసుకుంటూ పోవాలి. ముందు లారీ వెనక లైటు పట్టుకుని అంటుకుపోవడం తప్పు, అది ఆగిందో రోడ్డు దిగిందో మనకి తెలీదు. హెల్మెట్ అద్దానికి లోపల ఒక్క చుక్క షాంపూ పల్చగా రాసి, పొడిగుడ్డతో తుడిచేస్తే ఊపిరి ఆవిరి పట్టదు. చేతికి గ్లవుజులు ఉండాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. రథసప్తమికి అరసవల్లి బయల్దేరేవాళ్లకి ఈ మాట మరీ వర్తిస్తుంది, చీకటితోనే వస్తారు కదా.

గడ్డి ట్రాక్టర్‌కి వెనక లైటు ఉన్నా నమ్మొద్దు. లైటు ట్రాలీకి ఉంటుంది, గడ్డి దానికి రెండు పక్కలా బయటికి పొడుచుకుని ఉంటుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు గడ్డి అంచు నుంచి మనిషి నిలువంత ఎడం వదలండి. జాతీయ రహదారి 16 మీద పార్కింగ్ లైటు లేకుండా అంచున నిలిపిన లారీలు కూడా అంతే, తెల్లారుజామున వాటిని వెనకనుంచి గుద్దితే హెల్మెట్ కూడా పెద్దగా కాపాడదు.

బయల్దేరే ముందు బండి చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడు, చైన్ కవర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన ప్రకారం పట్టించాలి. వెనక మనిషి ఎక్కితే వెనక టైరుకి ఎక్కువ పడుతుంది, ఆ అంకె వేరుగా రాసి ఉంటుంది. చైన్ మధ్యలో పైకీ కిందకీ ఊపితే మామూలు కమ్యూటర్ బళ్లకి 20 - 30 మిల్లీమీటర్లు ఆడాలి. కాలవ నీళ్లు దాటాక డ్రమ్ బ్రేకు తడిసి పట్టదు, నెమ్మదిగా పోతూ నాలుగైదుసార్లు తేలిగ్గా తొక్కి ఆరబెట్టాలి. వెనక కూర్చున్న ఆడవాళ్ల కొంగు, చున్నీ ఒళ్లో ముడేశాకే బండి కదలాలి.

హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె ఉండాలి. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకన్నా ఎక్కువ దూరకూడదు. వెనకనుంచి పైకి ఎత్తితే ఊడొచ్చే హెల్మెట్ పడినప్పుడు కూడా ఊడుతుంది. ఒకసారి దెబ్బ తిన్నది పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది, మార్చేయాల్సిందే.

ఎవరైనా పడి ఉంటే ముందు వెనకొచ్చే బండ్లని ఆపించి 108కి ఫోన్ చేయండి. ఊపిరి తీస్తుంటే హెల్మెట్ లాగొద్దు, అద్దం మాత్రం ఎత్తండి. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తొద్దు, నీళ్లు తాగించొద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గట్టిగా నొక్కి ఉంచండి, మాటిమాటికీ తీసి చూడకుండా. కేసు చుట్టుకుంటుందేమోనన్న భయం అక్కర్లేదు: 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది.