జుట్టు మందు మొదలుపెట్టే ముందు మీ పరుగు లెక్క రాసుకోండి

హన్మకొండలో నాది మందుల షాపు. పొద్దున జేఎన్ఎస్ గ్రౌండ్‌లో పరుగెత్తుతాను. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం అక్కడ 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతారు: "అన్నా, జుట్టు గోలీ వేసుకుంటే స్టామినా పోతదా?"

మగవాళ్లకు జుట్టు రాలకుండా ఇచ్చే ఫినాస్టరైడ్ గురించైతే, పోదు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మార్చే ఎంజైమ్‌ను ఆ మాత్ర అడ్డుకుంటుంది. నుదుటి మీద, నడినెత్తి మీద జుట్టును పలచన చేసేది ఆ డీహెచ్‌టీయే. టెస్టోస్టిరాన్ మాత్రం తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. కండకు ముఖ్యంగా కావలసింది అదే. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఇచ్చిన మగవాళ్ల మీద అమెరికాలో జరిపిన ఒక పరిశోధన 2012లో అచ్చయింది. అందులో అదే రకం మందు, ఇంకా బలమైన డ్యూటాస్టరైడ్ ఇచ్చి చూసినా, కండ, బలం పెరగడంలో తేడా రాలేదు.

అయినా భయం ఉంటుంది. భయంతో పరుగెత్తితే ప్రతి బద్ధకం మందు వల్లే అనిపిస్తుంది. అందుకే మొదటి మాత్రకు ముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. లేవగానే మంచం మీదే నాడి ఒక నిమిషం లెక్కపెట్టండి. బరువు, 1600 మీటర్ల టైము, నిద్ర, మనసు ఎలా ఉందో రాయండి. మందు మొదలయ్యాక కూడా అదే రాయండి. ఆ మొదటి నెలలో కొత్త డైటు, కొత్త సప్లిమెంటు వద్దు. తేడా వస్తే దేనివల్లో తెలియాలి కదా. సెలక్షన్లు నెల లోపు ఉంటే అవి అయ్యాకే మొదలుపెట్టండి. ఫలితం కనిపించడానికి ఎలాగూ నాలుగైదు నెలలు పడుతుంది.

నాడి లెక్క అసలు పనికొచ్చేది జుట్టుకే ఇచ్చే ఇంకో మందు, మినాక్సిడిల్ మాత్రకు. అది మొదట బీపీ మందు. రక్తనాళాలను వదులు చేస్తుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది. తక్కువ డోసులోనూ కొందరికి గుండె వేగం పెరుగుతుంది, చీలమండలు వాస్తాయి, నిలబడగానే కళ్లు తిరుగుతాయి. పొద్దున నాడి మునుపటికంటే బాగా పెరిగి అలాగే ఉంటే, రెండు రోజుల్లో బరువు ఎక్కితే, ఆ రోజు పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నెత్తికి రాసే మినాక్సిడిల్ చాలా తక్కువగా రక్తంలోకి వెళ్తుంది. దాన్ని పరుగు ముందు రాయకండి. చెమటతో కళ్లలోకి కారి మండుతుంది, మందు కూడా పోతుంది. పరుగు, స్నానం అయ్యాక, నెత్తి ఆరాక రాసి నాలుగు గంటలు తడపకండి. మొదటి వారాల్లో జుట్టు ఎక్కువ రాలితే టెన్షన్ పడి మానేయకండి, అది మామూలే.

రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. స్టెరాయిడ్ల జాడను కప్పేస్తుందని ఫినాస్టరైడ్‌ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2005లో నిషేధించింది. అమెరికా స్కెలిటన్ (మంచు మీద స్లెడ్ పందెం) ఆటగాడు జాక్ లండ్ ఈ మాత్ర వల్లే 2006 టురిన్ ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. 2009 నుంచి ఆ నిషేధం లేదు. కానీ ఆడపిల్లలకు జుట్టు రాలుతుంటే డాక్టర్లు ఇచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్ర డైయూరెటిక్, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు; అది ఇప్పటికీ నిషేధంలోనే ఉంది. మా చెల్లెళ్లలాంటి అథ్లెట్లు జుట్టు మందే కదా అని తెలియక వేసుకుంటారేమోనని నాకు నిజంగా బెంగ. డాక్టరుకు ముందే "నేను పోటీల్లో పాల్గొంటాను" అని చెప్పండి, మందు పేరు మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ నాడా ఇండియా దగ్గర సరిచూసుకోండి.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకుని, జుట్టు ఊడుతోందని మాత్ర అడిగేవాళ్లకు నేనివ్వను. ముందు ఆ సూది మానాలి. అలాగే బరువు తగ్గాలని అన్నం మానేసి పరుగెత్తితే రెండు మూడు నెలలకు కుచ్చులుగా రాలుతుంది. దానికి ముందు కావలసింది సరైన తిండి, రక్తంలో ఐరన్ పరీక్ష.

ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి కోరిక తగ్గుతుంది, మనసు కుంగుతుంది. చచ్చిపోవాలనే ఆలోచనలు రావచ్చని 2025లో యూరప్ మందుల సంస్థ తేల్చి చెప్పింది. నోట్‌బుక్‌లో మనసు గురించి రాసే వరుస అందుకే. దిగులు కమ్ముకుంటే మాత్ర ఆపి, ఆ రోజే ఇంట్లోవాళ్లకు, డాక్టరుకు చెప్పండి. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన మాత్రను ఆమె ముట్టుకోకూడదు. రక్తదానం చేసేవాళ్లు ఫినాస్టరైడ్ ఆపాక కనీసం నెల ఆగాలి, డ్యూటాస్టరైడ్ అయితే ఆరు నెలలు.