తుఫాన్లు రాకముందే కాటా బోర్డు సప్లై చూసుకోండి

అక్టోబర్ దగ్గరపడితే పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లకు కరెంటు మీద నమ్మకం ఉండదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఆ దగ్గర్లోనే తీరం దాటింది. స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. జనరేటర్ మీద, చవక ఇన్వర్టర్ మీద నడిపితే ఎలక్ట్రానిక్ కాటా అంకెలు ఊగడం మొదలవుతుంది. చాలామంది లోడ్ సెల్ (బరువును చిన్న వోల్టేజీగా మార్చే సెన్సర్) పోయిందని మార్చేస్తారు. ముందు ఆ చిన్న వోల్టేజీని పెంచే ఆంప్లిఫయర్ సప్లై చూడండి.

వోల్టుకు 2 మిల్లీవోల్టులిచ్చే లోడ్ సెల్‌కు 5 వోల్టులిస్తే, పూర్తి బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులే. దాన్ని పదివేల భాగాలు చేస్తే ఒక్కోటి 1 మైక్రోవోల్టు. డేటాషీట్‌లో పీఎస్‌ఆర్‌ఆర్ (సప్లైలోని ఊగిసలాటను ఆంప్లిఫయర్ ఎంత అణుస్తుందో చెప్పే అంకె) 100 డీబీ, అంటే డెసిబెల్స్, అని ఉందని ధీమా పడొద్దు, అది ఊగని డీసీ దగ్గరి మాట. ఎస్‌ఎంపీఎస్ (వేగంగా స్విచ్ అవుతూ కరెంటును డీసీగా మార్చే పవర్ సప్లై) స్విచింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గర 40 డీబీయే, అంటే వందో వంతుకు తగ్గించడమే, మిగిలిందనుకోండి, 10 మిల్లీవోల్టుల రిపుల్ (సప్లైలో మిగిలే ఊగిసలాట) ఇన్‌పుట్‌లో 100 మైక్రోవోల్టులతో సమానం. తర్వాతి ఫిల్టర్ కొంత ఆపుతుంది, అంతా ఆపదు.

విప్పే ముందు ప్లగ్ పీకి, ఎస్‌ఎంపీఎస్ పెద్ద కెపాసిటర్‌ని మీటర్‌తో చూడాలి. అందులో 320 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. ముద్ర ఉన్న కాటా సీల్ తీస్తే తూనికలు కొలతల శాఖ దగ్గర మళ్లీ ముద్ర వేయించుకోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఆంప్లిఫయర్ ఐసీ ప్రతి సప్లై పిన్ పక్కనే, రిపుల్‌ను గ్రౌండ్‌కు మళ్లించే 104 సెరామిక్ కెపాసిటర్, అంటే 0.1 మైక్రోఫారడ్, ఉండాలి. పక్కనే అంటే రెండు మూడు మిల్లీమీటర్లు. కాళ్లున్నదైతే కాళ్లు కత్తిరించి బోర్డుకు ఆనించి సోల్డర్ చేయండి. మిల్లీమీటరు తీగకు సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ (కాయిల్ గుణం) ఉంటుంది. మొత్తం 10 మిల్లీమీటర్లు వదిలితే 5 మెగాహెర్ట్జ్ దాటాక అది కెపాసిటర్‌లా కాక కాయిల్‌లా నడుస్తుంది. విలువ పెంచితే ఈ లోటు తీరదు. ప్లస్, మైనస్ సప్లైలుంటే ఒక్కోదాని నుంచి గ్రౌండ్‌కు విడివిడిగా పెట్టాలి. ఆ గ్రౌండ్ కరెంటు సిగ్నల్ రెఫరెన్స్ ట్రాక్ (సిగ్నల్‌ను దేనితో పోల్చి కొలుస్తారో ఆ గ్రౌండ్ గీత) మీదుగా పోకూడదు. చేయి తిరిగిన మెకానిక్‌లూ ఇక్కడే పప్పులో కాలేస్తారు.

బోర్డుకు సప్లై వచ్చే చోట 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టాలి. బాయిలర్ పక్కన ఏళ్లుగా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ని మొహమాటం లేకుండా మార్చేయండి, వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. టాంటలం కెపాసిటర్‌ని ప్లస్, మైనస్ తిరగేసి పెడితే అంటుకోవచ్చు.

అప్పటికీ ఊగుతుంటే ఐసీ సప్లై లైన్లో 10 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. 160 హెర్ట్జ్ నుంచి రిపుల్ తగ్గుతూ పోతుంది. 2 మిల్లీఆంప్‌లు తాగే ఐసీకి తగ్గేది 20 మిల్లీవోల్టులే. లోడ్ సెల్‌కు వెళ్లే 5 వోల్టుల లైన్లో మాత్రం ఆ రెసిస్టర్ వద్దు. లోడ్ సెల్ లోపలి బ్రిడ్జ్ (నాలుగు రెసిస్టర్ల సర్క్యూట్) 350 ఓమ్‌లదైతే 0.14 వోల్టు అక్కడే పోతుంది, చాలా కాటాల్లో కాలిబ్రేషన్ తప్పుతుంది.

పని అయ్యాక తెలిసిన బరువు పెట్టి, కరెంటు మీద ఒకసారి, జనరేటర్ మీద ఒకసారి అంకె చూడండి.