ఐదారేళ్ల పిల్లలకు ఇంట్లోనే బైబిల్‌తో తెలుగు చదవడం నేర్పాలంటే ఎలా?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే విశ్వాసుల ఇళ్లలో నాకు తరచూ కనబడే తప్పు ఒకటుంది. గుణింతాలు రాగానే బైబిల్ తెరిచి మొదటి పేజీ పిల్లాడి ముందు పెడతారు. "ఆదియందు దేవుడు" దాకా బాగానే సాగుతుంది. తర్వాత మాట "భూమ్యాకాశములను". మకు య ఒత్తు, దానికి దీర్ఘం, పైగా భూమీ ఆకాశమూ సంధిలో కలిసిపోయి వాడికి తెలిసిన భూమి మాయమైపోయింది. అది దాటితే "సృజించెను". మూడో రోజుకల్లా పుస్తకం చూడగానే వాడికి కడుపునొప్పి వస్తుంది. "మావాడికి చదువు మీద ధ్యాస లేదండీ" అని తల్లి నాకు ఫోన్ చేస్తుంది.

ఆదికాండం వద్దు. 23వ కీర్తనతో మొదలుపెట్టండి. నా ముగ్గురు పిల్లలకూ, తర్వాత మా ఆడపడుచు పిల్లలకూ నేను నేర్పింది దీంతోనే.

కావలసినవి పలక, బలపం, పెద్దక్షరాల బైబిల్, పాత క్యాలెండర్ అట్టలు, కత్తెర. ఫోన్ వద్దు. రంగురంగుల చార్టులూ వద్దు, పిల్లలు బొమ్మ చూసి మాట చెప్పేస్తారు.

టైము పొద్దున టిఫిన్ అయ్యాక 20 నిమిషాలు. అంతకు మించితే మీకే కోపం వస్తుంది. కుటుంబ ప్రార్థనలో మాత్రం ఈ పాఠం పెట్టకండి. అందరూ కళ్లు మూసుకుని కూర్చునే చోట వాడి తప్పులు దిద్దడం మొదలుపెడితే వాడికి చదువూ ప్రార్థనా రెండూ చేదవుతాయి.

అక్షరాలు, గుణింతాలు ఎలా నేర్పాలో మీకు తెలిసిందే. రోజూ చేయండి, అంతే.

ఇప్పుడు మొదటి వచనం. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." ఆరు మాటలు, 15 అక్షరాలు, ఒక్క ఒత్తు కూడా లేదు. గుణింతాలు వచ్చిన పిల్లలు దీన్ని మొదటి రోజే చదివేస్తారు. బైబిల్లోంచి ఒక వచనం సొంతంగా చదివానన్న ఆనందం వాడి ముఖంలో చూడాలి మీరు. సాయంత్రం నాన్న రాగానే మళ్లీ చదివి వినిపిస్తాడు.

ఒక జాగ్రత్త. సండే స్కూలుకు వెళ్లే పిల్లలకు ఈ కీర్తన ముందే కంఠతా వచ్చి ఉంటుంది. మా పెద్దాడు వేలు పెట్టి గడగడా చదివేస్తుంటే నేను మురిసిపోయాను. తీరా చూస్తే వాడి వేలు 24వ కీర్తన మీద ఉంది. అందుకే అట్టలు. ఒక్కో మాటా ఒక్కో అట్ట మీద రాసి, కలిపేసి, వరస తప్పించి అడగండి. "కలుగదు" విడిగా చూపిస్తే చదివాడా, అయితే నిజంగా వచ్చినట్టే.

రెండో వచనంలోనే అసలు పని ఉంది. "పచ్చికగల చోట్లను ఆయన నన్ను పరుండజేయుచున్నాడు శాంతికరమైన జలములయొద్ద నన్ను నడిపించుచున్నాడు." ఇందులో ఏడు చోట్ల ఒత్తులున్నాయి. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత ఏడాదంతా దిద్దుకోవాలి.

ఒత్తులు నేర్పేవాళ్లందరూ అమ్మ, అన్న, అత్త అని మొదలుపెడతారు. పిల్లలకు దగ్గరి మాటలే, కాదనను. కానీ ఆ మూడింట్లోనూ ఒత్తు ఆకారం అక్షరంలా ఉండదు. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపమే వేరు. మొదటి రోజే వాటిని చూపిస్తే పిల్లాడి దృష్టిలో అవి అర్థంలేని గీతలు. అక్షరాన్ని పోలిన ఒత్తులతో మొదలుపెట్టండి: ముద్ద, బుట్ట, పచ్చ, గడ్డ. కింద ఉన్నది కూడా ద అని వాడికి కంటితోనే తెలుస్తుంది. ఒక వారం ఇవే రాయండి.

రెండో వారం గుడులు, కొమ్ములు. అసలు చిక్కు ఇక్కడే. "పచ్చి"లో గుడి ఉండేది పైనున్న చ మీద, పలికేది మాత్రం కింది చ తర్వాత. పిల్లాడు కంటికి కనబడినట్టే "పచిచ" అంటాడు. వాడి తప్పు కాదు, మన లిపి అలా ఉంది. అరవకండి. "అన్నయ్య తమ్ముడి టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు, టోపీ మాత్రం తమ్ముడిదే" అని చెప్పండి. పలక మీద "గడ్డ" రాసి చదివించి, వాడి కళ్లముందే తలకట్టు చెరిపి గుడి పెట్టి "గడ్డి" చేయండి. ముద్దను ముద్దు చేయండి, పచ్చను పచ్చి చేయండి. మాట మారడం వాడు చూడాలి. "చకు చ ఒత్తిస్తే చ్చ, గుడిస్తే చ్చి" అని పాట పాడించే పద్ధతి నాకు నచ్చదు. పాట వస్తుంది, చదవడం రాదు.

మూడో వారం న ఒత్తు. ఈ వచనంలో అది నాలుగుసార్లు వస్తుంది, నన్ను రెండుసార్లు, చున్నాడు రెండుసార్లు. ఆ ఆకారం ఇక మరిచిపోరు. ఇప్పుడు అమ్మ, అత్త కూడా చెప్పేయండి. "చోట్లను"లో ట్ల చివరికి ఉంచండి, అక్కడ మాత్రమే పై అక్షరం వేరు, ఒత్తు వేరు. అందులో తడబడితే మీరే చదివి ముందుకు వెళ్లండి.

ఈ వచనం చదివే రోజుల్లో పిల్లల మాట కాస్త బైబిల్ భాషలోకి మారుతుంది, కంగారుపడకండి. మా రెండోది ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి "అమ్మా, తమ్ముడు నన్ను గిచ్చుచున్నాడు" అంది. నెలలో అదే పోయింది.

పదో తరగతి సంగతేమిటని అప్పుడే టెన్షన్ పడేవాళ్లుంటారు. 14 ఏళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో చేరి పది రాయించవచ్చు. ఐదేళ్లవాడికి ఇప్పుడు ఆ బెంగ దేనికి?

మూడో వచనంలో "ప్రాణము", "మార్గము" పక్కపక్కనే రాసి చూపించండి. ఒకదాంట్లో ర కింద ఉంది, ఇంకోదాంట్లో పైన ఉంది. పెద్దక్షరం ముందు, ఒత్తు తర్వాత. "మాగ్రము" అని చదివితే వేలు పెద్దక్షరం మీద పెట్టించి మళ్లీ అడగండి. ఇది దాటిన పిల్లలకు మిగిలిన మూడు వచనాలూ వారానికొకటి సరిపోతాయి. ఆ తర్వాత తీయండి ఆదికాండం.