సెకండ్ హ్యాండ్ బండి కొన్నాక లోపం బయటపడితే ఏం చేయాలి?

హనుమకొండ, కాజీపేట, నర్సంపేట, పరకాల ప్రాంతాల్లో ఆటో కన్సల్టెన్సీల దగ్గర పాత బైకు కొని, నెల తిరగకముందే ఇంజిన్ పనికి వేలు పోసినవారికి నేను చాలాకాలంగా ఫిర్యాదులు రాసిపెడుతున్నాను. వారికి న్యాయం దక్కకపోవడానికి కారణం చాలాసార్లు చట్టంలో లేదు. ఫిర్యాదు ఆలోచన రాకముందే వారు సాక్ష్యాన్ని తమ చేతులతోనే పోగొట్టుకుంటున్నారు.

పాత వస్తువుకు గ్యారంటీ ఏముంటుందని సర్దుకుపోవలసిన అవసరం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పాత సరుకును పక్కన పెట్టలేదు. వ్యాపారి ఏ రూపంలో చెప్పిన నాణ్యత అయినా వస్తువులో లేకపోతే అది ఆ చట్టం ప్రకారం లోపమే. అయితే కొనేటప్పుడు కంటికి కనబడిన గీతలు, అరిగిన టైర్ల గురించి తరువాత పేచీ పెడితే నిలబడదు. దాచిన లోపం మీదే పట్టుబట్టాలి.

ముందుగా అమ్మినది ఎవరో తేల్చుకోండి. కన్సల్టెన్సీ వంటి వ్యాపారి అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పక్క వీధిలోని ఉద్యోగి తన సొంత బండిని అమ్మి ఉంటే అతడు వ్యాపారి కాడు కనుక కమిషన్ దారి పనికిరాదు. లోపం తెలిసి కూడా అబద్ధం చెప్పి అమ్మాడని చూపగలిగితే, 1872 కాంట్రాక్టు చట్టం ఆధారంగా సివిల్ కోర్టులో ఆ ఒప్పందాన్ని రద్దు చేయమని కోరాలి.

తరువాత రసీదు, ఆర్సీ నకలు, ఫోన్‌లో డబ్బు పంపిన వివరాలు, బండి ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ ఒకచోట పెట్టుకోండి. ఫోన్ మార్చినా ఆ సంభాషణను చెరపకండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే కనుక, రసీదు లేదని వెనుకడుగు వేయనక్కరలేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త అవసరమైన దశ. బండి పొగ వదిలినా, ఇంజిన్ శబ్దం మారినా, మన వాళ్లు నేరుగా తెలిసిన మెకానిక్ షెడ్డుకు తోలుకుపోయి ఇంజిన్ విప్పిస్తారు. అలా చేయవద్దు. వస్తువును ప్రయోగశాలలో పరీక్షింపజేసే అధికారం కమిషన్‌కు ఉంది, ఆ నివేదికకు చట్టం 45 రోజుల గడువు పెట్టింది. కానీ బోరు, పిస్టన్ మార్చి పాత విడిభాగాలను తుక్కులో వేశాక పరీక్షించడానికి ఏమీ మిగలదు. లోపం మీ మెకానిక్ చేతిలోనే వచ్చిందని అమ్మినవాడు వాదిస్తే, కాదని చూపడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

లోపం కనబడిన రోజే బండిని నడపడం ఆపండి. నంబర్ ప్లేటు, ఛాసిస్ నంబరు, మీటరులో కిలోమీటర్లు, స్టార్ట్ చేసినప్పటి పొగ, శబ్దం ఎక్కడా కత్తిరించకుండా ఒకే వీడియోలో తీయండి. ఆపై ఆ బండి కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లి, విప్పకుండా పరిశీలించమని అడిగి జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్ రాసిచ్చే పరిశీలన పత్రం) రాయించుకోండి. షెడ్డు మెకానిక్ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు, కానీ నోటి మాట కమిషన్ ముందు నిలవదు. తేదీ, కిలోమీటర్లు, లోపం వివరం ఉన్న జాబ్ కార్డు నిలుస్తుంది.

పాలు పోయడానికో, కూరగాయలు తేవడానికో బండి తప్పనిసరై విప్పించవలసి వస్తే, ఫలానా రోజు ఫలానా చోట ఇంజిన్ విప్పిస్తున్నామని, వచ్చి చూసుకోవచ్చని అమ్మినవాడికి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. విప్పేటప్పుడు వీడియో తీసి, తీసేసిన ప్రతి భాగాన్ని సంచిలో కట్టి భద్రపరచండి. కన్సల్టెన్సీ వారు ఉచితంగా బాగు చేస్తామని పిలిచినా, ఏ లోపానికి బండి తీసుకున్నారో కాగితం మీద రాసి ఇచ్చేవరకు తాళం చెవి ఇవ్వకండి. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ కొన్నాళ్లు తగ్గుతుంది, ఈలోగా మీ ఫిర్యాదు నీరుగారిపోతుంది.

ఇది పూర్తయ్యాక నోటీసు పంపాలి. లాయరు నోటీసే కావాలని చాలామంది అంటారు. అది అవసరం లేదు. తెలుగులో, తెల్ల కాగితం మీద, మీరే రాసిన ఒక పేజీ ఉత్తరమే మేలు, ఎందుకంటే ఏం చెప్పి అమ్మారో, ఏం బయటపడిందో మీకంటే బాగా ఎవరూ రాయలేరు. డబ్బు వాపసు కావాలో, మరమ్మతు ఖర్చు కావాలో ఒక్కటి తేల్చి, 15 రోజుల గడువు ఇచ్చి, అందినట్టు రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులో పంపండి. పోలీస్ స్టేషన్‌లో బెదిరింపజేద్దామనే సలహాను మాత్రం వినకండి. అక్కడ సాధారణంగా ఇది సివిల్ వ్యవహారమనే అంటారు, ఈలోపు రోజులు గడిచిపోతాయి.

గడువు దాటితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు కనుక, హైదరాబాద్‌లో కొన్న బండికి కూడా అక్కడికి తిరగనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలలోపు వేయాలి. ఈ-జాగృతి వెబ్‌సైటులోనూ దాఖలు చేయవచ్చు.

మధ్యలో అమ్మినవాడు రాజీకి వచ్చి బండి వెనక్కి తీసుకుంటానంటే, డబ్బు ఖాతాలో పడ్డాకే బండి అప్పగించండి. ఆర్సీ అప్పటికే మీ పేరు మీదికి మారి ఉంటే ఫారం 29, 30 నింపి ఆర్టీఏ ఆఫీసులో పేరు మార్పించండి. పేరు మారనంత కాలం ఆ బండికి పడే చలాన్లు, జరిగే ప్రమాదాల బాధ్యత రిజిస్టర్డ్ యజమానిగా మీ మీదికే వస్తాయి.